రిమోట్ పోతే టీవీ పోయినట్టేనా?

మొన్న దసరాకు ఊరికి పోతే అమ్మమ్మ ఇంట్ల టీవీ మీద తువ్వాల కప్పి ఉన్నది. సీరియళ్ల టైముకు అన్నం గిన్నె పట్టుకొని టీవీ ముందట కూసునే మనిషి, అరుగు మీద కూసోని తొవ్వల పోయేటోళ్లను చూస్తున్నది.

"ఏమైందే అమ్మమ్మా, టీవీ ఖరాబైందా?" అని అడిగిన.

"టీవీకేం రోగం బిడ్డా, మంచిగనే ఉన్నది. రిమోటే లేదు. చిన్నోడు ఆడుకుంట ఆడుకుంట గోలెంల వేసిండు" అన్నది.

అట్ల మూడు నెలలు గడిచినయట. నడుమ మామ పట్నం పోయి, టీవీ మీద ఏ కంపెనీ పేరున్నదో చూసి, అదే కంపెనీ రిమోట్ 250 రూపాయలు పెట్టి తెచ్చిండు. అది పనిచెయ్యలే. మళ్ల పోయి అడిగితే దుకాణపాయన, "టీవీల సెన్సార్ పోయింది. గింత పాత టీవీకి పైసలు పెట్టుడు దండుగ. పాతది ఇచ్చి కొత్తది తీస్కపో, నెలనెలా కట్టుకోవచ్చు" అన్నడట. అమ్మమ్మకు వచ్చే పింఛన్ నెలకు 2,016 రూపాయలు. అందులకెల్లి టీవీ కిస్తీ కట్టాలె అని లెక్కలేసుకుంటున్నది. గోలీలకు ఎంత, కిరాణాకు ఎంత, టీవీకి ఎంత అని.

ఇగో, ఈ ముచ్చట అందుకే రాస్తున్న. చేతిల పట్టేంత ప్లాస్టిక్ డబ్బా పోయిందని, మంచిగ నడిచే టీవీని తూకానికి అమ్ముకునే ఇండ్లు మన ఊర్లల్ల తక్కువేం లేవు. తప్పు వాళ్లది కాదు. రిమోట్ లోపల ఏం జరుగుతదో మనకెవ్వరూ చెప్పరు. చెప్తే దుకాణం నడవదు కదా. మరి మనమే తెలుసుకుందాం.

రిమోట్ అంటే డప్పు దెబ్బ లెక్క

రిమోట్ ముందట ఒక చిన్న బుగ్గ ఉంటది. అది కూడా లైటే. కాకపోతే మన కంటికి కనవడని లైటు. దాన్ని ఇన్‌ఫ్రారెడ్ అంటరు. బటన్ నొక్కంగనే ఆ బుగ్గ మస్తు స్పీడుగ ఆరుకుంట వెలుగుకుంట ఉంటది. టీవీ ముందట ఉన్న సెన్సార్ ఆ వెలుగును పట్టి, "ఓహో, సౌండ్ పెంచుమంటున్నరు" అని అర్థం చేసుకుంటది.

ఎట్ల అర్థం చేసుకుంటది? మన డప్పును యాది చేసుకోండ్రి. పెండ్లి దరువు వేరే, బోనాల దరువు వేరే, చావు దరువు వేరే. దూరంకెల్లి విన్నా ఊర్ల ఏమైతున్నదో చెప్తం. కొట్టేది అదే డప్పు, దెబ్బకు దెబ్బకు నడుమ ఎంత ఆగుతరన్నదే తేడా. రిమోట్ కూడా అంతే. అన్నిటికన్నా ఎక్కువ వాడే పద్ధతులల్ల ఎన్‌ఈసీ అనేది ఒకటి. దాంట్ల ముందుగాల 9 మిల్లీసెకండ్ల పెద్ద దెబ్బ ఒకటి పడ్తది. అంటే "వినుండ్రి, చెప్తున్న" అన్నట్టు. తర్వాత 4.5 మిల్లీసెకండ్లు ఆగుతది. ఆ తర్వాత చిన్నచిన్న దెబ్బలు. రెండు దెబ్బల నడుమ తక్కువ ఆగితే సున్న, ఎక్కువ ఆగితే ఒకటి. గిట్ల మొత్తం 32 సున్నలు, ఒకట్లు పోతయి. అందుల సగం "ఏ యంత్రంతోని మాట్లాడుతున్న" అని చెప్తది, ఇంకో సగం "ఏం చెయ్యాలె" అని చెప్తది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు అయిపోతది.

ఇంకో సంగతి. ఎండల ఇన్‌ఫ్రారెడ్ ఉంటది, బల్బుల ఉంటది, పొయ్యి మంటల కూడా ఉంటది. మరి టీవీ వాటిని చూసి ఆగం కాదా? అందుకే రిమోట్ పెట్టే ప్రతి దెబ్బ లోపల వెలుగు సెకండుకు 38 వేల సార్లు కొట్టుకుంటది. సోనీ పద్ధతిల 40 వేలు, ఫిలిప్స్ ఆర్‌సీ-5 పద్ధతిల 36 వేలు. టీవీ సెన్సార్ ఆ లెక్కల కొట్టుకునే వెలుగునే పట్టించుకుంటది, మిగిలింది వదిలేస్తది.

అంటే ఒరిజినల్ రిమోట్‌ల మంత్రమేం లేదు. దాంట్ల ఉన్నది ఒక దరువు. ఆ దరువు ఎవలు కొట్టినా టీవీ ఇంటది. ఆ దరువులన్నీ కడుపుల దాచుకున్న డబ్బానే యూనివర్సల్ రిమోట్.

ఈ దారి కూడా ఒక్కనాడు పడింది కాదు. 1955ల అమెరికాల జెనిత్ కంపెనీల యూజీన్ పాలీ అనే ఇంజినీర్ ఫ్లాష్‌మ్యాటిక్ అని టార్చిలైటసొంటి రిమోట్ చేసిండు. టీవీ నాలుగు మూలలకు వెలుగు కొట్టాలె. తిప్పలేందంటే, కిటికీలకెల్లి ఎండ పడ్డా టీవీ దానంతట అదే మారేది. మరుసటేడు అదే కంపెనీల రాబర్ట్ అడ్లర్ మన చెవికి వినరాని శబ్దంతోని నడిచే రిమోట్ తెచ్చిండు. దానికి సెల్లు కూడా అక్కర లేకుండె, లోపల సుత్తె లోహపు కడ్డీని కొట్టేది. ఇన్‌ఫ్రారెడ్ ఆ తర్వాత వచ్చింది. ఆపిల్ కంపెనీ పెట్టినోళ్లల్ల ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ బయటికొచ్చి 1987ల కోర్ అనే రిమోట్ చేసిండు. వేరే రిమోట్ల దరువు నేర్చుకొని మళ్ల కొట్టుడే దాని పని. గంత పెద్ద మనిషికి కూడా ఇంట్ల రిమోట్ల లొల్లి తప్పలే అన్నమాట.

కొనేముందు మూడు పరీక్షలు

మొదటిది: పోయింది రిమోటా, టీవీనా? టీవీ కింద నడుమనో, ఎనుకనో ఒక బటన్ ఉంటది. కొత్త టీవీలకు ఒక్కటే బటన్ ఉంటది, తడిమితే దొరుకుతది. అది నొక్కితే టీవీ ఆన్ అయితే సగం పరేషాన్ పోయినట్టే.

రెండోది: రిమోట్ ఉండి పనిచెయ్యకపోతే, ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ బుగ్గను కెమెరా దిక్కు పెట్టి బటన్ నొక్కాలె. తెరమీద తెల్లగనో, ఊదారంగులనో మెరిసిందా, రిమోట్ వెలుగు పంపుతున్నట్టు. కొన్ని ఫోన్ల ఎనుక కెమెరా ఈ వెలుగును ఆపేస్తది, అప్పుడు సెల్ఫీ కెమెరాతోని చూడాలె. ముందుగాల ఒక పనిచేసే రిమోట్‌తోని ఫోన్‌ను పరీక్ష చేసుకుంటే పక్కా.

మూడోది: మెరుస్తలేదంటే ఎంటనే పారెయ్యకుండ్రి. కొత్త సెల్లు ఎయ్యాలె. స్ప్రింగు పచ్చగ చిలుము పట్టి ఉంటే గీకాలె. అయినా కాకుంటే రిమోట్ విప్పి, లోపలి రబ్బరు మీద, బోర్డు మీద పట్టిన జిడ్డును మెత్తటి గుడ్డకు జర స్పిరిట్ అద్ది తుడవాలె. ఆరినంక బిగియ్యాలె. కొన్ని బటన్లు పనిచేసి కొన్ని చెయ్యకపోతే మస్తుసార్లు రోగం ఈ జిడ్డే.

అమ్మమ్మ ఇంట్ల నేను చేసింది గిదే. కింది బటన్ నొక్కితే టీవీ ఆన్ అయింది. మామ తెచ్చిన రిమోట్‌ను కెమెరాకు చూపిస్తే మంచిగ మెరుస్తున్నది. మరెందుకు ఇంటలేదు? జరసేపు సోంచాయించి అడిగిన, "అమ్మమ్మా, ఈ టీవీని ఎన్నడన్న బాగుచేయించిండ్రా?"

"రెండేండ్ల కింద పిడుగు పడ్డప్పుడు కాలింది కదరా. లోపల బోర్డు మార్చిండ్రు. అప్పుడే వేరే రిమోట్ ఇచ్చిండ్రు" అన్నది.

ఇగ దొరికింది దొంగ! టీవీ పైన పేరు ఒక కంపెనీది, లోపల మెదడు ఇంకోటి. మెకానిక్‌లు కాలిపోయిన బోర్డు జాగల యూనివర్సల్ బోర్డు ఏస్తరు. ఆ బోర్డుతోని దాని రిమోటే వస్తది. సెన్సార్ దరువు పట్టుకొని ఇచ్చినా, దాన్ని అర్థం చేసుకునేది బోర్డే కదా. గా బోర్డుకు పాత కంపెనీ దరువు తెల్వది. అగ్గువకు దొరికే లోకల్ టీవీలది కూడా ఇదే కత. బయట పది పేర్లుంటయి, లోపల ఒకే తీరు బోర్డు ఉంటది. అందుకే దుకాణంల "ఫలానా కంపెనీ రిమోట్ ఇయ్యి" అని అడిగేముందు, బోర్డు మార్చిండ్రా అన్నది ఇంట్ల అడగాలె.

కోడ్ కొట్టుడు ఎట్ల

యూనివర్సల్ రిమోట్‌కు దరువు చెప్పే తొవ్వలు మూడు. రిమోట్‌తోని ఒక కాయితం వస్తది, దాన్ని పారెయ్యద్దు. బటన్ల పేర్లు కంపెనీకి కంపెనీకి మారుతయి గని, పద్ధతి దాదాపు ఒకటే.

ఒకటో తొవ్వ, కోడ్ నంబర్. కాయితంల కంపెనీ పేరు పక్కన మూడంకెలో నాలుగంకెలో ఉంటయి. సెట్ బటన్‌ను రిమోట్ మీది ఎర్ర లైటు వెలిగేదాంక నొక్కి పట్టాలె. తర్వాత ఆ అంకెలు కొట్టాలె. లైటు మిణుకుమని ఆరితే కోడ్ తీసుకున్నట్టు. అప్పుడు సౌండ్, ఛానల్, మెనూ అన్నీ నొక్కి చూడాలె. కొన్నే పనిచేస్తే, అదే కంపెనీ కింద ఉన్న ఇంకో కోడ్ కొట్టాలె. ఇక్కడ మనోళ్లు చేసే పొరపాటు ఒకటున్నది. యూట్యూబ్‌ల ఎవరో చెప్పిన కోడ్ తెచ్చి తమ రిమోట్‌కు కొడుతరు, కాలేదని రిమోట్‌ను తిడుతరు. ఆ నంబర్ టీవీది కాదు తమ్ముడూ. ఆ రిమోట్ కడుపుల ఉన్న జాబితాల వరుస నంబర్. వేరే రిమోట్‌ల అదే నంబర్ కింద వేరే కంపెనీ ఉంటది. మన రిమోట్ కాయితమే మనకు దిక్కు.

రెండో తొవ్వ, ఆటో సెర్చ్. కోడ్ తెల్వనోళ్లకు, బోర్డు మారిన టీవీలకు ఇదే దిక్కు. ముందుగాల టీవీని దాని బటన్‌తోనే ఆన్ చెయ్యాలె. రిమోట్‌ను టీవీ సెన్సార్ దిక్కు పట్టుకొని, కాయితంల చెప్పిన బటన్‌ను నొక్కి పట్టాలె. రిమోట్ ఒక్కొక్క దరువు కొట్టుకుంట పోతది. కొన్నిట్ల అదే పోతది, కొన్నిట్ల మనమే ఒక్కోసారి నొక్కాలె. టీవీ ఆగిపోవుడో, సౌండ్ గీత కనవడుడో జరగంగనే చెయ్యి తియ్యాలె, లేకుంటే ఓకే నొక్కాలె. ఇక్కడ ఓపిక కావాలె. దరువులు వందలల్ల ఉంటయి. రెండు నిమిషాలకే చెయ్యి గుంజుతున్నదని ఆపితే, మళ్ల మొదటికెల్లి మొదలు. చెయ్యి తీసుడు ఆలస్యమైతే సరైన కోడ్ దాటిపోతది, అందుకే కన్ను టీవీ మీదనే ఉండాలె.

మూడో తొవ్వ, నేర్పుడు. దీన్ని లర్నింగ్ అంటరు. చాలా డిష్ బాక్సు రిమోట్ల మీద టీవీకి సంబంధించిన బటన్లు కొన్ని విడిగ ఉంటయి: పవర్, సౌండ్, ఏవీ. అవి పుట్టుకతోని ఖాళీగ ఉంటయి, మనం నేర్పాలె. ఎట్లంటే, సెట్ బటన్ నొక్కి పట్టి లైటు నిలవడ్డంక, రెండు రిమోట్ల మూతులు ఎదురెదురుగ రెండు మూడు వేళ్ల దూరంల పెట్టాలె. నేర్సుకునే రిమోట్ మీద ఏ బటన్‌కు నేర్పాలెనో అది నొక్కాలె, తర్వాత అసలు రిమోట్ మీద అదే పని చేసే బటన్ నొక్కాలె. లైటు మిణుకుమంటే పాఠం అయిపోయినట్టు. చివరికి సెట్ నొక్కి బయటికి రావాలె. ఎండల గాక నీడకు చేసుడు మంచిది.

"అసలు రిమోటే లేనప్పుడు ఏం నేర్పాలె?" అంటరేమో. పక్కింటోళ్లది అడుగుండ్రి! అదే తీరు టీవీ ఊర్ల ఇంకొకరింట్ల తప్పకుండ ఉంటది. పది నిమిషాలు రిమోట్ అరువడుగుతే ఎవలు కాదంటరు? చాయపత్త, చక్కెర అరువడుగుతలేమా? నేర్సుకునుడు అయినంక వాళ్ల రిమోట్‌కు ఏం కాదు.

ఏసీ, ఫైర్ స్టిక్ వేరే లెక్క

ఏసీ రిమోట్‌ల ఒక తేడా ఉంటది. టీవీ రిమోట్ "సౌండ్ ఒక్కటి పెంచు" అని మాత్రమే చెప్తది. ఏసీ రిమోట్ ఒక్క బటన్ నొక్కినా "కూలింగ్ పెట్టు, 24 డిగ్రీలు, ఫ్యాన్ నడుమ స్పీడు" అని మొత్తం చిట్టా పంపుతది. అందుకే దాని దరువు పొడుగుంటది. టీవీ యూనివర్సల్ రిమోట్ ఏసీకి పనికిరాదు, ఏసీకి వేరే యూనివర్సల్ రిమోట్ దొరుకుతది. దాంట్ల కూడా కోడ్, ఆటో సెర్చ్ ఉంటయి. ఏసీ కీక్ అన్నప్పుడు ఆపి, చల్లగ గాలి వస్తున్నదా, డిగ్రీలు మారుతున్నయా అని చూసి ఖాయం చేసుకోవాలె.

ఫైర్ స్టిక్, ఆండ్రాయిడ్ టీవీల రిమోట్లు ఎక్కువ శాతం బ్లూటూత్‌తోని మాట్లాడుతయి. అవి వెలుగు దరువు కాదు, రేడియో. అందుకే అగ్గువ యూనివర్సల్ రిమోట్‌కు ఫైర్ స్టిక్ ఇనదు. అయితే ఫోన్‌ల ఆ కంపెనీ యాప్ ఏసుకొని, ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫై మీదుంటే ఫోనే రిమోట్ అయితది. ఇంట్ల వైఫై లేదు, ఎవరిదో హాట్‌స్పాట్‌తోని నడిపినం అంటే? ఒక ఫోన్‌ల ఆ పాత హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ అచ్చం అట్లనే పెట్టి ఆన్ చేయాలె. స్టిక్ దాన్ని పాతదే అనుకొని అతుక్కుంటది. ఇంకో ఫోన్‌ను అదే హాట్‌స్పాట్‌కు కలిపి యాప్ తెరిస్తే పని అయిపోతది.

ఇంకొకటి, మీ చేతుల ఉన్న ఫోనే రిమోట్ కావచ్చు. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లల్ల చాలావాటికి పైన చిన్న నల్ల చుక్క ఉంటది. అది ఇన్‌ఫ్రారెడ్ బుగ్గ. మీ రిమోట్ యాప్‌ల కంపెనీ ఎంచుకొని ఒక్కొక్కటి నొక్కి చూస్తే సరిపోతది. నెట్ ఫోన్ ఉన్న పిలగాడు ఇంట్ల ఉండంగ టీవీ మూలకు పడుడు ఏంది?

అమ్మమ్మ టీవీ మాటర్

నేను పట్నంల 180 రూపాయలు పెట్టి ఒక యూనివర్సల్ రిమోట్ తెచ్చిన. ఆటో సెర్చ్ పెట్టిన. ఏడెనిమిది నిమిషాలకు టీవీ టక్కున ఆగింది. ఆన్ చేసి చూస్తే సౌండ్ పనిచేస్తున్నది గని మెనూ రాలే. అమ్మమ్మ "చాలుతియ్ బిడ్డా, సౌండ్ వచ్చింది కదా" అన్నది. నేను ఇడువలే, మళ్ల సెర్చ్ పెట్టిన. రెండోసారి ఆగిన కాడ అన్నీ పనిచేసినయి. ఆ రాత్రి ఆమె టీవీ మీది తువ్వాల తీసి మడతపెట్టింది.

పోయేముందు ఇంకో పని చేసిన. కొన్ని అగ్గువ రిమోట్లు సెల్లు తీస్తే కోడ్ మర్చిపోతయి. అందుకే పాత సెల్లు తీసుడు, కొత్తవి ఏసుడు ఎంటెంటనే అయిపోవాలని మామకు చెప్పిన. సెర్చ్‌కు ఏ బటన్ నొక్కాలెనో కాయితం ముక్క మీద రాసి సెల్లు మూత లోపల అంటించిన. కోడ్ నంబర్‌తోని చేసుకునేటోళ్లు ఆ నంబర్ రాసిపెట్టుకోండ్రి. పాత సెల్లు మాత్రం పొయ్యిల ఎయ్యద్దు, పేలుతయి.

ఇది రిమోట్ ముచ్చటే కాదు

దుకాణపాయన సెన్సార్ పోయిందని పరీక్షించే చెప్పిండా? లేదు. అడిగితే నాలుగు ప్రశ్నలతోని తేలేది. కొత్త టీవీ అమ్మితే ఆయనకు నాలుగు పైసలు, పాతది నడిస్తే ఏం రాదు. ఆయనను ఒక్కణ్నే అని లాభం లేదు, మొత్తం బజారే గట్లున్నది. రిమోట్ మీద మోడల్ నంబర్ ఎండిపోయి చెరిగిపోయేటట్టు అచ్చేస్తరు. టీవీ మీద బటన్లు తగ్గించి తగ్గించి ఒక్కటి చేసిండ్రు. ఆ ఒక్కటి ఎక్కడున్నదో దేవులాడాలె. రిమోట్ లేకుంటే సెట్టింగ్‌లకు పోవుడే కష్టం.

బాగుచేసుకునే హక్కు మీద సర్కారు దగ్గర కూడా మాట నడుస్తున్నది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌ల రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ చెత్త మీద కొత్త రూల్స్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుకొచ్చినయి. మంచిదే. కని పోర్టల్ ఉన్నదని మా అమ్మమ్మకు ఎవలు చెప్పాలె? ఊర్లకు వచ్చేది పాత సామాను కొనే బండి. డబ్బా టీవీ గాజుల సీసం ఉంటది, అది పగిలి చెరువు గట్టున పడితే నష్టం మనకే. ప్రతి టీవీ ఎనుక దాని రిమోట్ కోడ్ చెరగకుండ అచ్చెయ్యాలె. బోర్డు మారిస్తే మెకానిక్ ఆ సంగతి టీవీ మీదనే రాసి అంటించాలె. ఇవి పెద్ద కోరికలేం కాదు, ఒక స్టిక్కర్ ఖర్చు.

అప్పటిదాంక పని మన చేతులల్లనే ఉన్నది. మన ఊర్ల ఇంటర్, డిగ్రీ చదివే పిలగాండ్లు, పిల్లలు ఫోన్‌ల రీల్స్ చూసేటందుకు రెండు గంటలు పెడుతరు. అందుల ఒక్క గంట పక్కింటి ముసలవ్వ టీవీ కాడ పెట్టుండ్రి. ఒక యూనివర్సల్ రిమోట్, ఒక జత సెల్లు, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే సాలు. ఎవరింట్లనన్న టీవీ మీద తువ్వాల కప్పి కనవడితే, ముందుగాల ఒక్కటే అడుగుండ్రి: "అవ్వా, టీవీ పోయిందా, రిమోట్ పోయిందా?"